ఏడో బోగీ చెంగ్డూలో దిగింది

పదిహేడేళ్ళ పాటు సూ రుయిమిన్ "చెంగ్డూ వస్తోంది, దిగేవాళ్ళు ముందుకు రండి" అని వేలమందికి చెప్పింది గాని, ఆ ఊరు ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. షియాన్ నుంచి కున్మింగ్ వెళ్ళే రైల్లో ఆమె ఏడో బోగీ అటెండెంటు. నేను ఎనిమిదో బోగీ. పొద్దున్న ఏడున్నరకు చెంగ్డూ ఉత్తర స్టేషన్లో మా బండి ఇరవై ఒక్క నిమిషాలు ఆగేది. ఆగే ముందు మరుగుదొడ్డికి తాళం వెయ్యాలి. ఆగాక తలుపు తీసి, మెట్టు దించి, చేతికడ్డీ తుడిచి, దిగేవాళ్ళని దింపి, ఎక్కేవాళ్ళ టిక్కెట్లు చూడాలి. మిగిలేది ఐదారు నిమిషాలు. ఆ కాస్త సేపట్లో మాకు కనిపించే చెంగ్డూ అంటే రెండో నంబరు ప్లాట్‌ఫారం, పైన బూడిదరంగు ఆకాశం, అంతే.

జూన్ నెలాఖరుతో మా బండి ఆగిపోతుందని కాగితం వచ్చింది. ఎవరు ఏ పనిలోకి వెళ్తారో పది రోజుల్లో రాసివ్వమన్నారు. స్టేషన్ గేటు దగ్గర టిక్కెట్లు చూసే పని ఒకటి, దుప్పట్లు ఉతికే షెడ్డు ఒకటి, ఎవరూ అడగని ఇంకో పని ఒకటి. రుయిమిన్‌కి నలభై ఆరేళ్ళు. గేటు పని తీసుకో, హాయిగా కుర్చీలో కూర్చోవచ్చు అన్నాడట ఆమె భర్త. కుర్చీ అన్న మాట వినగానే అరికాళ్ళు జిలపెట్టాయని నాతో చెప్పింది. ఆ వారమంతా ఆమె ఒక్కచోట నిలబడగా నేను చూడలేదు. తుడిచిన కిటికీనే మళ్ళీ తుడిచేది.

చివరికి రెండు రోజులు సెలవు పెట్టి, టిక్కెట్టు కొనుక్కుని, మా బండిలోనే ప్రయాణికురాలిగా ఎక్కింది. ఆ రాత్రి పడకలో పడుకుంటేనా. ఆమె బదులు వచ్చిన అమ్మాయి మరుగుదొడ్డికి తాళం వేసిందో లేదో చూడటానికి మూడుసార్లు లేచింది. ఆ అమ్మాయికి ఒళ్ళు మండి నాతో చెప్పుకుంది. నేను వెళ్ళి, ఇదేం సెలవు అని అడిగితే, రేపు చెంగ్డూలో దిగి ఊరు చూస్తానంది.

"ఎవరితో?" అన్నాను.

"ఎవరితో ఏమిటి పాంగ్, నా కాళ్ళతో," అంది.

పొద్దున్న దిగింది. భుజానికి ఒక చిన్న సంచీ, చేతిలో నీళ్ళ ఫ్లాస్కు. బండి కదిలాక కూడా ప్లాట్‌ఫారం మీదే నిలబడి ఉంది. మన బండి తోక ఎలా ఉంటుందో నేను ఆ రోజే చూశాను అని తర్వాత చెప్పింది. ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా ఆమె నోట విన్నదే.

స్టేషన్ బయట మొదటి సందులో నూడుల్స్ కొట్టు కనబడితే దూరింది. గిన్నె ముందు పెట్టిన నాలుగు నిమిషాల్లో ఖాళీ చేసి లేచేసరికి, కొట్టు యజమాని ఆ గిన్నెలోకి, ఆమె మొహంలోకి మార్చి మార్చి చూసి, ఎవరైనా తరుముతున్నారా అమ్మా అని అడిగాడు. బండి ఉంది అంది అలవాటుగా. ఏ బండి, ఎన్నింటికి అన్నాడు. డబ్బులు బల్ల మీద పెట్టి బయటికొచ్చేసింది.

తర్వాత ఆమె ఊరు చూసిన తీరు ఊళ్ళో వాళ్ళెవరైనా చూస్తే జాలిపడేవాళ్ళు. ఒక గుడిలోకి వెళ్ళి అగరుబత్తులు వెలిగించే లోపే బయటపడింది. పాత వీధి ఒకటి ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళి, ఏదో మరిచిపోయినట్టు మళ్ళీ ఈ చివరకు వచ్చింది. పెద్ద పార్కులో చెరువు పక్కన వందల వెదురు కుర్చీలు, వందల మంది జనం. మూత కప్పుల్లో టీ పోసుకుని, పొద్దున్న తొమ్మిదింటికే సాయంత్రం దాకా లేచే ఉద్దేశం లేనట్టు కూర్చున్నారు. కొందరు నిద్రపోతున్నారు. పొద్దుతిరుగుడు గింజల పొట్టు ఊదుకుంటూ ఒకావిడ పక్కింటి పెళ్ళి గురించి చెబుతోంది, వినేవాళ్ళకీ తొందర లేదు, చెప్పేదానికీ లేదు. పనిపాటల్లేవా వీళ్ళకి అనిపించింది రుయిమిన్‌కి. అయినా వచ్చినందుకు కూర్చుందామని ఒక కుర్చీలో కూర్చుంది.

చెవులు శుభ్రం చేసే మనిషి ఒకడు ఇనుప పటకారు టింగుమనిపిస్తూ వచ్చాడు. సరే కానిమ్మంది. అతను సన్నటి ఈక చెవిలో పెట్టగానే ఆమె ఎవరో పిలిచినట్టు ఇటు తిరిగింది. కదలొద్దన్నాడు. రెండోసారి పెట్టాడు. మోకాలు ఊగడం మొదలుపెట్టింది. అతను సామాను తీసి నడుముకున్న సంచిలో పెట్టేసుకున్నాడు.

"నీ చెవిలో నేను చెయ్యి పెడితే ఇద్దరం ఆసుపత్రికి పోవాలి. ముందు కుదురుగా ఉండటం నేర్చుకుని రా," అని పక్క కుర్చీకి వెళ్ళిపోయాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె టీ సగం కూడా తాగకుండా లేచింది.

పదిన్నర అయ్యేసరికి మూడు చోట్లు చూసింది, ఒక్కటీ గుర్తు లేదు. తిరుగు బండి సాయంత్రం ఏడింటికి గాని లేదు. రోడ్డు పక్కనే అటూ ఇటూ నడిచిందట. పదిహేడేళ్ళు ఈ ఊరి పేరు చెప్పాను, ఇక్కడ నన్నెరిగిన పిట్ట కూడా లేదు అనుకుంది. అలా అనుకున్నాక లాన్ అక్క గుర్తొచ్చింది. నిజానికి రాత్రి బండి ఎక్కినప్పటి నుంచీ గుర్తొస్తూనే ఉంది, ఆమే పక్కకు నెడుతూ వచ్చింది.

లాన్ అక్క రెండో నంబరు ప్లాట్‌ఫారం మీద తోపుడుబండి నడిపేది. పొగబెట్టిన సోయా ముక్కలు, ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు అమ్మేది. నేనూ కొనేవాణ్ణి గాని, ఆమె బండి ఆగేది మాత్రం ఏడో బోగీ తలుపు ఎదురుగానే. రుయిమిన్ ఉద్యోగంలో చేరిన కొత్తలో, అత్తగారితో పడలేక, తలుపు దగ్గర నిలబడి ఏడుస్తుంటే లాన్ అక్క చూసింది. ఏమిటని అడిగింది. విన్నాక, నీకొక్కదానికే ఉందనుకున్నావా, మా అత్తను చూస్తే నువ్వు మీ అత్తకు దండం పెడతావు అని మొదలుపెట్టింది. అలా ఐదేసి నిమిషాల చొప్పున పదేళ్ళు సాగింది. లాన్ అక్క అత్తగారు వంటనూనె సీసా మంచం కింద దాచేది. పిలిస్తే వినిపించని చెవులు, మూకుట్లో మాంసం చుయ్యిమంటే మాత్రం వీధి చివర నుంచి విని వచ్చేవి. ఆ అత్త ఏం చేసిందో, లాన్ అక్క తిరిగి ఏం చేసిందో మా ట్రిప్పు ట్రిప్పుకీ ఒక ముక్క. పులుసు బాగాలేదని అత్త మూతి విరిచినప్పుడు ఎదురు చెప్పక, గరిటె ఆమె చేతికిచ్చి, మీరే చూపించండి అని పక్కన నిలబడ్డానని చెప్పింది ఒకసారి. రుయిమిన్ ఇంటికెళ్ళి అలాగే చేసింది. వాళ్ళ అత్త గరిటె పట్టుకుని వంటింట్లోకి నడిచిన రోజు నుంచే ఆ ఇంట్లో అరుపులు తగ్గాయి. ఆ సంగతి మా రైల్లో అందరికీ తెలుసు. లాన్ అక్క అత్త తుంటి విరిగి మంచాన పడిందని విన్నప్పుడు రుయిమిన్ బండిలో కూర్చునే ఒక ఉన్ని టోపీ అల్లి ఇచ్చింది. ఏడాది తిరిగాక ఆ అత్త పోయిందని వింది.

ఏడేళ్ళ కిందట ప్లాట్‌ఫారాల మీద తోపుడుబళ్ళు తీసేశారు. ఆఖరి రోజు లాన్ అక్క, ఎప్పుడైనా దిగితే తూర్పు వైపు పాత నూలు మిల్లు వెనక టీకొట్టుకు రా, ఎవర్నడిగినా చెబుతారు అంది. ఫోన్ నంబరు ఇచ్చిపుచ్చుకునే లోపే పచ్చజెండా ఊపారు.

రుయిమిన్ తూర్పు వైపు బస్సెక్కింది. ట్రాఫిక్‌లో బస్సు పది నిమిషాలు ఆగితే భరించలేక దిగి నడిచింది. మిల్లు ఉండాల్సిన చోట ఐదంతస్తుల అద్దాల బజారు ఉంది. కాపలావాణ్ణి అడిగితే తాను వచ్చి మూణ్ణెల్లే అయిందన్నాడు. మందుల షాపులో అడిగింది, కూరల కొట్టులో అడిగింది. టీకొట్టా, ఏ టీకొట్టు, ఇక్కడ అడుగుకొకటి ఉంది అన్నారు. చివరికి తెల్ల సంపెంగలు తీగకు గుచ్చి అమ్ముతున్న ఒక ముసలమ్మ, ఎవరి కోసం అని అడిగింది. స్టేషన్లో సోయా ముక్కలమ్మిన లాన్ అక్క కోసం అని చెబితే, ఆ మాట ముందు చెప్పొచ్చుగా అని, మిల్లు పోయాక టీకొట్టు వంతెన కిందికి మారిందని దారి చూపించింది. ఒక పూల తీగ ఆమె చొక్కా గుండీకి తగిలించింది కూడా.

వంతెన కింద నది ఒడ్డున పాతిక బల్లలు. పైన కార్లు పోతుంటే కింద మాజాంగ్ ఆడేవాళ్ళ బిళ్ళలు గలగలమంటున్నాయి. స్తంభం పక్క బల్ల దగ్గర లాన్ అక్క కనబడింది. జుట్టు నెరిసింది, ఒళ్ళు చేసింది. చేతిలో బిళ్ళలు, చూపు బిళ్ళల మీదే. రుయిమిన్ వెళ్ళి ఎదురుగా నిలబడి, అక్కా అంది. ఆ గొంతుకే లాన్ అక్క తలెత్తింది.

"ఏడో బోగీ," అంది. ఆమె పేరేమిటో లాన్ అక్కకు ఎన్నడూ తెలియదు. "కూర్చో కూర్చో, ఈ ఆట అయిపోవచ్చింది."

ఒక కుర్చీ వచ్చింది, ఒక కప్పు టీ వచ్చింది. ఆట అయింది, ఇంకో ఆట మొదలైంది. ఆడుతూనే లాన్ అక్క అడిగింది. మోకాళ్ళు బాగున్నాయా, బాగున్నాయి. మీ ఆయన ఇంకా సిగ్నళ్ళు బాగుచేస్తున్నాడా, చేస్తున్నాడు. పాంగ్ పెళ్ళి చేసుకున్నాడా, చేసుకుని విడిపోయాడు కూడా. పది నిమిషాల్లో అడగాల్సినవన్నీ అయిపోయాయి. పదేళ్ళలో వాళ్ళు ఎప్పుడూ ఆరు నిమిషాలకు మించి కలిసి లేరు. ఏడో నిమిషంలో ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తెలియదు.

రుయిమిన్‌కి చేతులు ఊరుకోలేదు. బల్ల మీది పొట్టు ఎత్తింది. వేడినీళ్ళ ఫ్లాస్కులు నింపి తెచ్చింది. పక్క బల్ల తుడవబోతే టీకొట్టు ఆవిడ వచ్చి గుడ్డ లాక్కుని, మా కొట్లో మేమున్నాంలే అంది. మళ్ళీ వచ్చి కూర్చుని, ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి, మీ అత్తగారు చివర్లో బాధపడకుండానే పోయారా అక్కా అని అడిగింది.

లాన్ అక్క బిళ్ళ మీద చెయ్యి ఆగింది. ఎదురుగా ఆడుతున్న తావో పిన్ని పకపకా నవ్వింది.

"అత్తా? దీనికా? దీనికి మొగుడే లేడు, అత్త ఎక్కడి నుంచి ఊడిపడింది?"

నవ్వుతూనే, మిల్లులో పడుగు పేకలతోనే దీని పెళ్ళయిపోయిందని, మిల్లు మూతపడ్డాక తోపుడుబండితో కాపురం చేసిందని ఇంకో మాట వేసింది. రుయిమిన్‌కి మొదట అర్థం కాలేదు. మరి తుంటి విరగడం, నేనల్లిన టోపీ, అని గొణిగింది.

"ఆ గోధుమరంగు టోపీనా? నాకిచ్చిందిగా. మూడు చలికాలాలు పెట్టుకున్నా. బాగా అల్లావు తల్లీ," అంది తావో పిన్ని.

లాన్ అక్క తల ఎత్తలేదు. రుయిమిన్ లేచి, సంచీ భుజాన వేసుకుని నడిచింది. వెనక నుంచి ఏడో బోగీ, ఏడో బోగీ అని పిలుపు వినబడింది. ఆగలేదు.

నది గట్టు మీద ఎంతసేపు నడిచిందో తెలియదు. మొహం కాలిపోతోంది. ఒక అబద్ధాన్ని నమ్మి పదేళ్ళు కాపురం దిద్దుకున్నానే అని ఒక మంట. ఆ అత్త పోయిందని విన్న రోజు రైల్లో మధ్యాహ్నం అన్నం తినలేదే అని ఇంకో మంట. సన్నగా తుంపర మొదలైతే, నంబరు కూడా చూడకుండా ఎదురొచ్చిన బస్సెక్కింది. సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. కడ్డీ పట్టుకుని, ఈ స్టాపులో దిగాలి, కాదు వచ్చే స్టాపులో దిగాలి అనుకుంటూ ఊరి చివర డిపో దాకా వెళ్ళింది. డ్రైవరు ఇంజిన్ ఆపి, ఇంక పోదమ్మా, ఇదే ఆఖరు అన్నాడు. ఇది వెనక్కి ఎప్పుడు పోతుందని అడిగింది. ఎనిమిది నిమిషాలకు అన్నాడు. ఆ ఎనిమిది నిమిషాలూ బస్సు చుట్టూ తిరిగింది.

తిరుగుతుంటే ఒక ప్రశ్న పట్టుకుంది. లాన్ అక్కకు అత్త లేకపోతే ఆ గరిటె ఎవరిది? గరిటె అబద్ధం కాదు. తన ఇంట్లో పనిచేసింది. తన అత్త చివరి ఏడాది తన చేతి గంజి తప్ప ముట్టలేదు, కాళ్ళు కోడలే కడగాలని పట్టుబట్టేది. అది నిజం. లేని మనిషి ఇంత పని ఎలా చేసింది? ఈ సంగతి తేల్చుకోకుండా రైలెక్కలేననుకుంది.

మూడు దాటాక వంతెన కిందికి వచ్చేసరికి మాజాంగ్ బల్ల దగ్గర లాన్ అక్క లేదు. ఆమె స్థానంలో ఇంకెవరో ఆడుతున్నారు. లాన్ అక్క నది వైపు కమ్మీ పట్టుకుని, గొడుగు వేసుకుని, వచ్చేపోయే వాళ్ళని చూస్తూ నిలబడి ఉంది. నువ్వు ఏ దారిన పోయావో తెలియక ఇక్కడే ఉన్నానంది.

"గరిటె ఎవరిది?" అంది రుయిమిన్.

"తావో పిన్నిది. వాళ్ళ అత్తతో అలాగే చేసింది."

"నూనె సీసా మంచం కింద దాచింది?"

"మా కింది వాటాలో ముసలమ్మ. చెవుల సంగతి మా అమ్మది." లాన్ అక్క గొడుగు రుయిమిన్ మీదికి కూడా జరిపింది. "నువ్వా రోజు ముక్కు చీదుకుంటూ టిక్కెట్లు చూస్తున్నావు. నా దగ్గర ఏముంది నీకివ్వడానికి, సోయా ముక్కలు తప్ప? నాకూ ఒక అత్త ఉందన్నాను. నువ్వు నవ్వావు. మళ్ళీ ట్రిప్పులో, మీ అత్త ఎలా ఉందక్కా అని నువ్వే అడిగావు. ఏం చెప్పను? మా వాడలో ప్రతి కోడల్నీ అడిగేదాన్ని, నిన్న మీ ఇంట్లో ఏం జరిగిందే అని. అందరూ నాకు పిచ్చెక్కిందనుకున్నారు. ఏరుకొచ్చి నీకు చెప్పేదాన్ని."

"తుంటి ఎందుకు విరగ్గొట్టావు?"

"చంపేద్దామనే విరగ్గొట్టాను. ఏళ్ళ తరబడి మోసి అలిసిపోయాను. తీరా నువ్వు టోపీ తెచ్చావు. ఇంక ఆ ఏడాదికి ఆమెను చంపడం నా వల్ల కాలేదు."

రుయిమిన్‌కి నవ్వొచ్చింది. నవ్వు వచ్చినందుకు కోపం కూడా వచ్చింది. నాకొక్క మాట చెప్పి ఉండొచ్చుగా అంది. ఐదు నిమిషాల్లోనా అంది లాన్ అక్క.

అన్నం తిన్నావా అని అడిగి ఇంటికి తీసుకెళ్ళింది. మిల్లు వాళ్ళ పాత క్వార్టర్లలో నాలుగో అంతస్తు. లాన్ అక్క మెట్టుమెట్టుకీ ఊపిరి తీసుకుంటూ ఎక్కుతుంటే, రుయిమిన్ ఒక అంతస్తు పైకి వెళ్ళడం, మళ్ళీ కిందికి రావడం, అలా నాలుగంతస్తులూ రెండేసి సార్లు ఎక్కింది. ఇంట్లో ఒకే గది, ఒకే మంచం, గోడకు మిల్లులో ఇచ్చిన మెడల్ ఒకటి. లాన్ అక్క మిరపకాయలు, మిరియాలు దట్టించి సోయా ముక్కల కూర వండింది. రుయిమిన్ నిలబడే తింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే, కారానికా, నా మీదా అని లాన్ అక్క అడిగింది. రెండింటికీ అంది.

తింటూ బండి ఆగిపోతున్న సంగతి చెప్పింది. గేటు, షెడ్డు, ఏది రాయాలో తెలియడం లేదంది. మూడోది ఏమిటని లాన్ అక్క అడిగింది. అది బావోజీ నుంచి కొండల్లోకి వెళ్ళే నెమ్మది బండి, పది నిమిషాలకొకచోట ఆగుతుంది, ఎక్కేవాళ్ళంతా బాతులు, కూరల గంపలతో ఎక్కుతారు, దాన్నెవరూ అడగరు అంది.

"ఎన్నిచోట్ల ఆగుతుంది?"

"ముప్పై పైమాటే."

"ఈ మధ్యాహ్నం మా మెట్లు నువ్వు ఎక్కి దిగినన్ని," అంది లాన్ అక్క. "నిన్ను కుర్చీలో కూర్చోబెడితే నెల్లాళ్ళలో కుర్చీ విరుగుతుంది, లేకపోతే నువ్వు విరుగుతావు. ఇది మాత్రం ఎవరినీ అడిగి చెప్పడం లేదు, నా సొంతం."

ఐదున్నరకు బస్‌స్టాపు దాకా వచ్చింది. ఫోన్ నంబర్లు రాసుకున్నారు. నీ పేరేమిటసలు అని అప్పుడడిగింది లాన్ అక్క. చెబితే రెండుసార్లు పలికి చూసి, ఏడో బోగీయే బాగుందంది.

మర్నాడు రుయిమిన్ ఆఫీసులో మూడో పని పేరు రాసిచ్చింది. గుమస్తా తప్పు రాశావేమో అని కాగితం వెనక్కి ఇస్తే, కాదని మళ్ళీ తోసింది. భర్త వారం రోజులు మాట్లాడలేదు, ఆ తర్వాత సర్దుకున్నాడు. నేను గేటు తీసుకున్నాను. నడుం నొప్పి తప్ప ఇబ్బందేమీ లేదు.

ఆమె ఆ తర్వాత రెండుసార్లు చెంగ్డూ వెళ్ళొచ్చింది. రెండోసారి వంతెన కింద గంటంబావు కూర్చున్నానని, అందులో ఒక ఆట ఆడి తావో పిన్ని చేతిలో ఓడిపోయానని చెప్పింది. మరి లాన్ అక్కా నువ్వూ ఏం మాట్లాడుకుంటారు అని అడిగాను. పెద్దగా ఏమీ లేదంది. గేటులోంచి జనం పోతుంటే ఆ మాట సగంలో వదిలేసి, తనను బావోజీ చేర్చే బండికి టైమవుతోందని ప్లాట్‌ఫారం వైపు పరుగెత్తింది.